డోలీ మొదలు ఎత్తుజోలె వరకు

మనిషిని మోయుట యొక పని. మనిషిని ఎత్తుట వేరొక పని. ఈ రెంటికిని గల భేదము ఇంట మంచము పట్టిన వారున్న గాని తెలియదు. నలుగురు బోయీలు ఒక మనిషిని ఇరువది మైళ్లు మోసికొని పోగలరు. చరిత్రలో అట్లు మోసిన వారు వేలకొలది గలరు. కాని ఆ మనిషినే మంచము మీదినుండి లేపి, రెండడుగుల దూరమున నున్న కుర్చీలో కూర్చుండబెట్టుమన్నచో ఆ నలుగురును తడబడుదురు. మోత భుజము మీద పడును. ఎత్తుట నడుము మీద పడును. ఈ రెండడుగుల దూరము యొక్క చరిత్రనే ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

మా యింటి సంగతి కొంచెము చెప్పి చరిత్రలోనికి పోయెదము. మా తల్లిగారికి పక్షవాతము సోకి ఎడమపక్క పడిపోయిన తొలి దినములలో మేమును మా తమ్ముడును ఆమెను చంకల క్రింద చేతులు వేసి లేపెడివారము. అది మాకు సహజముగానే తోచినది. పది దినములైన పిమ్మట ఆమె ఎడమభుజము వాచి, ముట్టుకొనిన చాలు కేక వేయుచుండిరి. మా వీధిలో ఆసుపత్రి వార్డుబాయిగా పనిచేసి విశ్రాంతి తీసికొన్న వృద్ధుడొకాయన ఉండెడివాడు. ఆయన వచ్చి చూచి, "బాబుగారూ, పడిపోయిన చెయ్యి గూటిలో వదులుగా వేలాడుతూ ఉంటుంది. దాన్ని పట్టుకు లాగితే ఊడి రాక ఏమవుతుంది?" అని మందలించి, ఒక నేత దుప్పటి తెప్పించెను. ఆమెను ఒక ప్రక్కకు ఒత్తిగిలజేసి, సగము దుప్పటి చుట్టచుట్టి వీపు వెంబడి పరచి, మరల రెండవ ప్రక్కకు ఒత్తిగిలజేసి ఆ చుట్టను లాగెను. రెండు నిమిషములలో ఆమె దుప్పటి నడుమ నుండిరి. నలుగురము నాలుగు కొంగులు పట్టుకొంటిమి. ఆ దినమున ఆమె కేక వేయలేదు.

ఆ దుప్పటియే ఈ కథకు నాయకుడు. గుడ్డ మనిషి శరీరమునకు అనుగుణముగా వంగును, చేయి వంగదు. ఈ సంగతి మన దేశమునకు మిగుల ప్రాచీనమైనది. వెదురుబొంగుకు దుప్పటి కట్టి, అందు రోగిని పరుండబెట్టి ఇద్దరు భుజముల కెత్తుకొని పోవునదే డోలీ. ఊయెల యను అర్థము గల సంస్కృత శబ్దమునుండి ఈ మాట పుట్టినది. పాడేరు, చింతపల్లి ప్రాంతపు కొండలలో బాట పడని గూడెములనుండి నిండు చూలాండ్రను, జ్వరపీడితులను నేటికిని డోలీలోనే క్రిందికి తెచ్చుచున్నారు. పత్రికలలో ఆ చిత్రములు చూచినపుడు మనము బాట లేదని విచారింతుము. విచారింపవలసినదే. కాని ఆ వెదురుబొంగు ముడిలోని నేర్పును గూడ ఒక్క క్షణము చూడవలెను. ముడి జారినచో రెండు ప్రాణములు పోవును, అది జారదు.

ఆంగ్లేయులీ డోలీని తమ సైన్యమునకు తీసికొనిరి. వారి నిఘంటువులలో సైతము ఆ మాట చేరినది. సైన్యము కదలినపుడు డోలీలును, వానిని మోయు బోయీలును వెంట నడిచెడివారు. అందువలన వచ్చిన ఒక ఘోరము 1857వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన లక్నోలో జరిగినది. ముట్టడిలోనున్న రెసిడెన్సీకి హేవ్‌లాక్, ఔట్రాముల సేన చేరిన మరునాడు, వెనుకబడిన క్షతగాత్రులను డోలీలలో తెచ్చుచుండగా దారి తప్పి ఒక చౌకములో చిక్కుకొనిరి. కాల్పులు చెలరేగుటతో బోయీలు డోలీలు దించి పరుగెత్తిరి. డోలీలోని మనుష్యులు లేవలేరు, కదలలేరు. వారిలో పెక్కుమంది ఉన్నచోటనే చంపబడిరి. ఆంగ్ల గ్రంథకర్తలు ఆ బోయీలను పిరికివారని నిందించియున్నారు. కూలికి మోయు నిరాయుధుడు తుపాకిగుండ్ల నడుమ నిలువవలెనని ఏ ఒప్పందమున నున్నదో మాకు తెలియదు. అచట మేము గ్రహించినది వేరు. లేవలేని మనిషి తన్ను మోయువాని దయకు ఎంతగా లోబడియుండునో ఆ చౌకమున కనబడినది.

బోయీల ధైర్యమును గూర్చి సందేహమున్నవారు నలుబది రెండేండ్ల తరువాతి దక్షిణాఫ్రికాను చూడవలెను. 1899లో బోయరు యుద్ధము వచ్చినపుడు గాంధీజీ నేటాలులో భారతీయులతో ఒక క్షతగాత్రసేవాదళమును కూర్చెను. దానిలో సుమారు 1,100 మంది యుండిరి. అధికసంఖ్యాకులు ఒప్పంద కూలీలు. 1860లో మద్రాసునుండి ట్రూరో యను ఓడలో వెళ్లినవారు మొదలుకొని నేటాలు చెరకుతోటలకు వెళ్లిన కూలీలలో తమిళులతోబాటు తెలుగు జిల్లాలవారును పలువురుండిరి. కోలెన్సో, స్పియాన్‌కోప్ యుద్ధములలో వారు దినమునకు ఇరువది, ఇరువదియైదు మైళ్ల చొప్పున స్ట్రెచరులు మోసిరి. గాయపడిన సేనాని వుడ్‌గేటును మోసినదియు వీరే. చెరకుకోతలో వంగిపోయిన నడుములవి.

ఇంతవరకు చెప్పినదంతయు మోతయే. మోయువారు దొరకినంతకాలము ఎత్తుటను గూర్చి ఎవరును ఆలోచింపలేదు. ఐశ్వర్యవంతుల గతియు అంతే. స్పెయిను దేశపు రాజు రెండవ ఫిలిప్పు భూగోళమున అటు అమెరికా, ఇటు ఆయన పేర వెలసిన ఫిలిప్పీను ద్వీపముల వరకు ఏలినవాడు. వాతవ్యాధి ముదిరిన పిమ్మట ఆయన కొరకు వీపును, కాలిపలకను వలసినంత వాల్చుకొను కుర్చీ యొకటి 1595 ప్రాంతమున సిద్ధపరుపబడినది. దాని చిత్రము ఇప్పటికిని నిలిచియున్నది. కాని 1598లో ఆయన ఎస్కోరియల్ సౌధమున కడసారి మంచము పట్టినపుడు ఆ కుర్చీ నిరుపయోగమైనది. కదపిన చాలు భరింపరాని బాధ కలుగుచుండుటచేత ఏబది దినములకు పైగా ఆయనను పడకనుండి ఎత్తుట గాని, ప్రక్కకు త్రిప్పుట గాని, క్రింద శుభ్రపరచుట గాని సాధ్యము కాలేదు. వీపంతయు పుండ్లు పడి ఆయన సెప్టెంబరు 13వ తేదీన మరణించెను. సేవకులెందరున్నను, వారు చేయగలిగిన దొక్కటియు లేకపోయెను.

పడకపుండ్ల విషయమున తొలిసారిగా శాస్త్రీయముగా నాలోచించినవారిలో స్కాట్లండు వైద్యుడు నీల్ ఆర్నాట్ ఒకడు. లండనులో ఆయన 1832 ప్రాంతమున నీటిపడక నొకదానిని కల్పించెను. తొట్టిలో నీరు పోసి, దానిపై రబ్బరు పట్టించిన గుడ్డ పరచి, ఆ గుడ్డపై రోగిని పరుండబెట్టుట ఆ ఏర్పాటు. బరువు ఒకచోట ఒత్తక అంతట సమముగా పంచబడును. పడకలోనున్నంతసేపు సుఖమే, పడకనుండి పైకి తీయునపుడు మరల మనుష్యుల నడుములే శరణ్యము.

ఎత్తుటయను విద్య వైద్యులవద్ద గాక, ఓడరేవులలో పెరిగినది. మన తూర్పుతీరమున రేవుకట్టలు లేని కాలమున ఓడలు లోతునీటిలో లంగరు వేసికొని నిలిచెడివి. సరుకును, మనుష్యులను మసూలా పడవలలోనికి దింపవలసియుండెను. నిచ్చెన దిగలేని స్త్రీలను, వృద్ధులను కుర్చీలో కూర్చుండబెట్టి కప్పీతో దించెడివారు. సైన్యపు గుఱ్ఱములను పొట్టక్రింద వెడల్పయిన కాన్వాసు పట్టీ వేసి పైకెత్తెడివారు. గుఱ్ఱమును త్రాటితో గాక పట్టీతో ఎత్తవలెనని నావికులకు తెలియును. సన్నని త్రాడు బరువునంతటిని ఒక గీతలో చేర్చి చర్మమును కోయును. వెడల్పయిన గుడ్డ దానిని పరచును. ఆర్నాటు నీటితో సాధించినది కళాసీలు గుడ్డతో సాధించిరి.

ఇచట ఒక వింతకథ. కవచధారులైన యూరపు వీరులను కప్పీతో గుఱ్ఱముపై దింపెడివారని పలువురు నమ్ముచున్నారు. 1944లో వచ్చిన లారెన్సు ఒలీవియే చలనచిత్రము ఐదవ హెన్రీలో అట్టి దృశ్యమొకటి కలదు. కవచముల చరిత్ర తెలిసిన పండితులది కల్పన యని ఖండించిరి. కవచము ధరించినవాడు తానే ఎక్కగలడు. అయినను కథ పోలేదు. బలవంతుని కప్పీతో ఎత్తుట చూచువారికి వినోదము. బలహీనుని ఎత్తుటను గూర్చిన చిత్రమేదియు అంత ప్రసిద్ధము కాలేదు.

ఇక పరికరము సంగతి. ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిశలకును తగ్గక వ్యాపించునని 17వ శతాబ్దిలో ఫ్రెంచి విద్వాంసుడు పాస్కల్ నిరూపించెను. 1795లో ఆంగ్లేయుడు జోసెఫ్ బ్రామా దాని నాధారముగా జలయంత్రపు ప్రెస్సును నిర్మించెను. సన్నని గొట్టములో చిన్న బలముతో త్రొక్కినచో వెడల్పయిన గొట్టములో పెద్దబరువు లేచును. మోటారు కర్మాగారములలో కారును లేపు జాకీ ఈ సూత్రముచేతనే పనిచేయును. ఒంటిచేతితో ఒక టన్ను బరువుగల కారును లేపు కాలము వచ్చిన తరువాత సైతము, అరువది కిలోల మనిషిని లేపుటకు నలుగురు వంగుచునే యుండిరి. ఇది వింతగా తోచవచ్చును. కారు యజమాని డబ్బు చెల్లించును. మంచముపట్టిన వానికి చెల్లించు శక్తి లేదు. మేము దీనికి వేరు కారణము వెదకలేదు.

ఈ జాకీని మంచము ప్రక్కకు తెచ్చినవారు మంచమునందున్నవారే. హెర్బర్టు ఎవరెస్టు అను గని ఇంజనీరు 1918లో గనిప్రమాదమున వెన్నెముక విరిగి కాళ్లు చచ్చుబడినవాడు. కారులోనికి ఎక్కించుటకు వీలగు మడత చక్రముల కుర్చీని 1933లో తన మిత్రుడు హ్యారీ జెన్నింగ్సుతో కలిసి ఆయన నిర్మించెను. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు ఆష్‌కాష్ పట్టణవాసి టెడ్ హోయర్ 1936లో కారు ప్రమాదమున కాలుసేతులు చచ్చుబడిన యువకుడు. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆయన పేర వెలసిన సంస్థ జలయంత్రపు ఎత్తుడుపరికరములను తయారుచేయ నారంభించినది. ఆ పేరు ఎంత వ్యాపించినదనగా, అమెరికా ఆసుపత్రులలో ఏ సంస్థ చేసిన లిఫ్టునైనను నర్సులు హోయరు అనియే పిలుచుట అలవాటైనది.

ఆ లిఫ్టు ఆకారమును మాటలలో చెప్పుటకు ప్రయత్నించెదము. రేడియోలో చిత్రము చూపలేము గదా. నేలపై రెండు పొడవైన ఉక్కు కాళ్లు, వాని కొసలయందు చిన్నచక్రములు. ఈ కాళ్లు మంచము క్రిందికి దూరును. కుర్చీని చుట్టి పట్టుటకు కత్తెరవలె విచ్చుకొనును. వెనుక నిలువుస్తంభము. స్తంభము తలనుండి ముందునకు చాచిన చేయి. ఆ చేతికి, స్తంభమునకు నడుమ నూనె గొట్టము. పిడిని పలుమారు ఆడించినచో చేయి కొంచెము కొంచెముగా లేచును. చిన్న మరను త్రిప్పినచో మెల్లగా దిగును. చేతికొసన అడ్డముగా ఒక కమ్మీ వ్రేలాడును. ఆ కమ్మీకి తగిలించు గుడ్డయే స్లింగు. మనము దానిని ఎత్తుజోలె యనవచ్చును.

లిఫ్టును చూచి మెచ్చుకొనువారు జోలెను చూడరు. ప్రాణము మాత్రము జోలెలోనే యుండును. అడ్డకమ్మీ ఎందుకు? ఒక లెక్క చెప్పెదము. అరువది కిలోల బరువును రెండు పట్టీలతో ఎత్తినపుడు, ఆ పట్టీలు రెండును నిట్టనిలువుగా నున్నచో ఒక్కొక్కదానిపై ముప్పది కిలోల లాగుడు పడును. అవి పైన ఒకేచోట చేరి, వాని నడుమ 120 డిగ్రీల కోణమేర్పడినచో ఒక్కొక్కదానిపై పూర్తిగా అరువది కిలోలు పడును. అంతేగాక పట్టీలు లోపలికి లాగి రోగి భుజములను నొక్కును. నూతిలో చేదకు ఒక్కత్రాడు చాలును, మనిషికి చాలదు. కావుననే పట్టీలను ఎడముగా నుంచుటకు కమ్మీ వలసినది.

జోలె రూపము తొలుత రెండు కాన్వాసు పట్టీలు మాత్రమే: ఒకటి వీపునకు, ఒకటి తొడలకు, ఇనుప గొలుసులతో కమ్మీకి తగిలించెడివారు. దానిలో పెద్ద ప్రమాదమొకటి కలదు. రోగి కొంచెము నిటారుగా బిగిసిన చాలు, రెండు పట్టీల నడుమనుండి పిరుదులు క్రిందికి జారిపోవును. తరువాతి కాలమున యూ అక్షరపు ఆకారముగల జోలె ప్రచారమునకు వచ్చినది. వీపంతయు ఒకే గుడ్డ. దానినుండి క్రిందికి రెండు తోకలు. ఈ తోకలను తొడలక్రిందినుండి పైకి తెచ్చి, ఒకదానిని రెండవదానిలోనుండి దూర్చి ఎదురెదురుగా తగిలింతురు. బరువు పడిన కొలది అవి తొడలను దగ్గరకు చేర్చి పట్టుకొనును. జారుటకు త్రోవ యుండదు. భుజపు పట్టీలను పొట్టివి, కాలిపట్టీలను పొడుగువి తగిలించినచో రోగి కూర్చున్న భంగిమలో లేచును. తారుమారు చేసినచో వెనుకకు వాలి పరుండును. ఒకే గుడ్డ కుర్చీయు నగును, పడకయు నగును. స్నానమునకు వలగుడ్డ జోలెలు, మెడ నిలువనివారికి తలగుడ్డ గల జోలెలు తరువాత వచ్చినవి. కాన్వాసు పోయి పాలియెస్టరు వచ్చినది. గొలుసు పోయి గుడ్డ కొక్కీలు, బిళ్లలు వచ్చినవి.

యుద్ధము ముగియకమునుపే వేరొకచోట మనుష్యుల నడుములతోనే అద్భుతమొకటి సాధింపబడినది. హిట్లరు బాధచే 1939లో జర్మనీ విడిచివచ్చిన యూదు వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్, 1944 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ వద్ద వెన్నుగాయముల వార్డు నారంభించెను. అంతవరకు వెన్ను తెగినవాడు పడకపుండ్లతోడను, మూత్రకోశపు చీముతోడను కొలదికాలములోనే మరణించుననియే వైద్యుల విశ్వాసము. గుట్‌మన్ ఆజ్ఞ యొక్కటే: ప్రతి రోగిని పగలు రాత్రి యని లేక రెండు గంటల కొకసారి ప్రక్కకు త్రిప్పవలెను. మనుష్యులు జట్టుగా నిలిచి ఒకేసారి చేతులు దూర్చి, ఒకేసారి ఎత్తి త్రిప్పెడివారు. ఆయన రాత్రులందు తానే వచ్చి చూచెడివాడు. చచ్చువారు బ్రతికిరి. 1948 జూలై 29న లండను ఒలింపిక్సు మొదలైన దినముననే ఆ ఆసుపత్రి పచ్చికలో చక్రముల కుర్చీలవారు విలువిద్యలో పోటీపడిరి. నేటి పారాలింపిక్సునకు అదియే మూలము. ఆ క్రీడలను లోకమంతయు చూచుచున్నది. రాత్రి రెండు గంటలకు త్రిప్పిన చేతులను ఎవరును ఛాయాచిత్రము తీసినట్లు కనబడదు.

తీయనీయని ఛాయాచిత్రములు వేరే కలవు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టు 1921లో వ్యాధిసోకి కాళ్లు పడిపోయినవాడు. ఆయనను కారులోనుండి ఎత్తి దించు దృశ్యములను పత్రికలవారు తీయకుండ అంగరక్షకులు కాపలా కాసెడివారు. 1945 ఫిబ్రవరిలో యాల్టా సమావేశమునకు వెళ్లిన ఆయన విమానమున చక్రముల కుర్చీని నేలనుండి పైకి చేర్చు లిఫ్టు నొకదానిని అమర్చిరి. ప్రపంచపటమును పంచుకొను సభకు పోవు మనిషి కూడ విమానపు మెట్లు ఎక్కలేడు. ఆ సంగతి ఓటర్లకు తెలియకూడదు. ఎత్తబడుట యనునది సిగ్గుపడవలసిన విషయముగా ఆ కాలము భావించినది. మన ఇండ్లలో ఆ భావము ఇంకను పోలేదని మా యభిప్రాయము. చుట్టములు వచ్చునపుడు జోలెను మంచముక్రింద దాచు ఇండ్లు మేమెరుగుదుము.

సిగ్గుపడనివారిలో మనకు సమీపమున వెల్లూరులో డాక్టర్ మేరీ వర్గీస్ ఉండెను. 1954లో వాహనప్రమాదమున ఆమె వెన్ను దెబ్బతిని, నడుము క్రింది భాగము చచ్చుబడినది. అప్పటికామె యువ వైద్యురాలు. చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. తరువాత న్యూయార్కు వెళ్లి పునరావాసవైద్యము నభ్యసించి, తిరిగివచ్చి వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలలో ఆ శాఖను నడిపెను. 1966లో అచట వెన్నుగాయములవారి పునరావాస సంస్థ వెలసినది. మన దేశమున అట్టి తొలి సంస్థలలో అదియొకటి. చిత్తూరు జిల్లానుండి తెలుగువారెందరో వెల్లూరుకే వైద్యమునకు వెళ్లుట అందరెరిగినదే. రోగి యింటికి తిరిగి వెళ్లునపుడు, ఆ యింటనున్న మంచము, కుర్చీ, మనుష్యులతోనే రోజు గడుపుట నేర్పవలెనన్నది ఆ వైద్యపు సారము. దానికి యంత్రమే కావలెనని లేదు. దుప్పటియు పనికివచ్చును, పద్ధతి తెలిసినచో.

యంత్రము వ్యాపించుటకు కారణము రోగుల మీది దయ మాత్రమే యని చెప్పుట సత్యము కాదు. నర్సుల నడుములు విరిగినవి. స్వీడనులో 1957లో ఆర్యో యను సంస్థ స్నానపు, ఎత్తుడు పరికరములతో ప్రారంభమైనది. అయినను పాశ్చాత్య ఆసుపత్రులలో సైతము చాలకాలము వరకు చేతులతో ఎత్తుటయే శిక్షణలో నేర్పుచుండిరి. ఒక పద్ధతిలో ఇద్దరు నర్సులు రోగి చంకలక్రింద తమ భుజములు దూర్చి లేపెడివారు. ఆస్ట్రేలియా ఎత్తు అని దానికి పేరు. విచిత్రమేమనగా, 1998లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు నర్సుల సంఘమువారే రోగిని చేతితో ఎత్తరాదను విధానమును ప్రకటించిరి. అంతకుముందే బ్రిటనులో 1992 నాటి నిబంధనలు ప్రమాదకరమైన చేతియెత్తును సాధ్యమైనంతవరకు తప్పింపవలెనని యజమానులకు విధించినవి. 1998లో మరియొక నిబంధన వచ్చినది: మనుష్యుల నెత్తు పరికరమును, దాని జోలెతో సహా, ఆరు నెలల కొకసారి యోగ్యుడైనవాడు పరీక్షింపవలెను. అమెరికాలో 2005లో టెక్సాసు, 2006లో వాషింగ్టను రాష్ట్రములు చట్టములు చేసినవి. 2007లో అచటి పరిశోధకుడొకరు రోగిని చేతితో ఎత్తుటకు 35 పౌండ్లు, అనగా సుమారు 16 కిలోలు, హద్దుగా సూచించెను. పెట్టెలకు అనుకూల స్థితిలో 23 కిలోల వరకు అనుమతించిన లెక్క మనిషికి తగ్గినది. ఏలన పెట్టెకు పిడియుండును, పెట్టె దగ్గదు, పెట్టె భయపడి మెడ పట్టుకొనదు. పదునారు కిలోలనగా పెద్దమనిషి యొక్క ఒక కాలికి కొంచెము మించిన బరువు.

మా తల్లిగారిని రెండవమారు ఆసుపత్రిలో చేర్చినపుడు అచట వరండా చివర లిఫ్టు ఒకటి, పైన గుడ్డ కప్పబడి, నిలిచియుండెను. అడిగితిమి. నూనె కారుటలేదు, చక్రములు తిరుగుచున్నవి. జోలె మాత్రము చాకలికి వేసినపుడు పోయినదట. మూడేండ్లయినదట. కొన్న ధరలో పదియవ వంతైనను కాని గుడ్డముక్క తెప్పించుటకు వ్రాసిన కాగితము ఏ బల్లపై నున్నదో ఎవరికిని తెలియదు. ఆ వరండాలోనే ఇద్దరు ఆయాలు, ఒకామెకు నడుమునకు పట్టీ యున్నది, మా తల్లిగారిని చేతులతో ఎత్తిరి. సగము దూరమున ఒకామె చేయి జారినది. తల మంచపు కమ్మీకి తగిలి రెండు కుట్లు పడినవి. ఆ ఆయా మాకంటె ఎక్కువగా ఏడ్చినది. ఆమెపై మేము ఫిర్యాదు చేయలేదు. జోలెను గూర్చి చేసితిమి. సమాధానము రాలేదు.

ఆ మీదట ఇంటికే చేతిపిడి లిఫ్టు నొకదానిని బాడుగకు తెచ్చితిమి. తెచ్చినవాడు అరగంట చూపించి వెళ్లెను. నేర్చుకొనుటకు మాకు పది దినములు పట్టినది. ఎత్తునపుడు కుర్చీ చక్రములకు తాళము వేయవలెను. లిఫ్టు చక్రములకు మాత్రము వేయరాదని తయారుచేసినవారి పుస్తకము చెప్పినది. తొలుత ముద్రణలో తప్పనుకొంటిమి. తరువాత అర్థమైనది: బరువు లేచునపుడు పరికరము తానే కదలి బరువునకు నేరుగా క్రిందికి వచ్చి నిలువవలెను, కదలనీయకున్న ఒరగును. ఇట్టివి మరికొన్ని గలవు. జోలె పరిమాణము రోగికి తగినదై యుండవలెను. పెద్దదైనచో మనిషి నడుమనుండి జారును, చిన్నదైనచో తొడలు కోసికొనును. ఒక సంస్థ జోలెను మరొక సంస్థ కమ్మీకి, సరిపోవునని వ్రాసియున్న గాని, తగిలింపరాదు. ఉతికిన ప్రతిసారి కుట్లను వ్రేలితో తడిమి చూడవలెను. పోగులు లేచినను, కొక్కీ అంచు అరిగినను దానిని కత్తిరించి పారవేయవలెను. మసిగుడ్డగా సైతము దాచరాదు, ఎవరైనను తెలియక తగిలింతురు. రంగు పోగొట్టు పొడులు, ఇస్త్రీ, మండుటెండ — ఇవి దారమును లోలోపల చంపును. పైకి గుడ్డ క్రొత్తగానే యుండును.

మొదటి దినమున మా తల్లిగారిని ఎత్తినపుడు ఆమె కుడిచేతితో కమ్మీని గట్టిగా పట్టుకొని, కన్నులు మూసికొనిరి. మంచమునకు జానెడు పైకి లేచినపుడు కన్నులు తెరచి, క్రిందికి చూచి, "ఒరేయ్, నూతిలోంచి చేద తోడినట్టు తోడుతున్నార్రా నన్ను" అనిరి. మా తమ్ముడు నవ్వి పిడి ఆడించుట మరచెను. ఆమె గాలిలో అట్లే యుండి, కిటికీనుండి పెరటి వైపు చూచి, కరివేపచెట్టుకు ఎవరును నీళ్లు పోయుట లేదేమని కోపపడిరి. ఎనిమిది మాసములుగా ఆమె ఆ చెట్టును చూడలేదు. మంచమునుండి అది కనబడదు. ఆ సంగతి మాకెవరికిని తట్టలేదు.

ఏడాదిన్నర ఆ జోలె మా యింట పనిచేసినది. ఆమె పోయిన పిమ్మట లిఫ్టును బాడుగవాడు తీసికొనిపోయెను. జోలె కొన్నదగుటచే మాయొద్దనే యుండెను. ఉతికి నీడను ఆరవేసి, కుట్లు చూచి, మడిచి పెట్టితిమి. ఇటీవల మా వీధి చివరి యింటివారు తమ తండ్రిగారి కొరకు అడుగగా ఇచ్చుటకు పోయితిమి. అంచున పసుపుపచ్చ పట్టీ యున్నది. మధ్యరకము పరిమాణమని దాని గుర్తు. ఆయన మా తల్లిగారికంటె పొడగరి, బరువును ఎక్కువ. జోలెను తిరిగి తెచ్చి, తరువాతి పరిమాణము ఎచట దొరకునో కాగితముపై వ్రాసియిచ్చి వచ్చితిమి. వార్డుబాయిగారి దుప్పటి పద్ధతిని మాత్రము ఆ రాత్రికే వారికి చూపితిమి.